నవ్వు షాట్

మా నాన్నకు చావడమే ఉద్యోగం. వినడానికి మోటుగా ఉంటుంది గానీ, ఫిల్మ్‌నగర్‌లో మా వీధిలో ఎవరినడిగినా ఇదే మాట చెప్పేవాళ్లు. జూనియర్ ఆర్టిస్టుల్లో రకాలుంటాయి. పెళ్లి సీనులో బంతిలో కూర్చుని ఉత్తుత్తి భోజనం చేసేవాళ్లు కొందరు, కోర్టు సీనులో వెనక బెంచీల మీద గుసగుసలాడేవాళ్లు కొందరు, పడేవాళ్లు కొందరు. నాన్న పడేవాడు. కత్తి తగిలి పడేవాడు, బాంబు పేలితే పడేవాడు, హీరో చెయ్యి గాలిలో ఊపితే చాలు పదడుగుల దూరం ఎగిరి పడేవాడు. ఎన్నిసార్లు చచ్చాడో ఆయనకే లెక్క తెలియదు. ఒక్కసారి కూడా తెర మీద ఆయన మొహం తిన్నగా కనపడలేదు. నేను మాత్రం థియేటర్లో వీపు చూసి గుర్తుపట్టి "అదుగో నాన్న!" అని అరిచేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్లు కసిరేవాళ్లు.

నాన్నది కృష్ణా జిల్లా. సినిమా పిచ్చితో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ షేక్‌పేటలో పుట్టి పెరిగింది. సాయంత్రం ఆయన చొక్కా నిండా ఎర్రరంగుతో గుమ్మంలోకి రాగానే అమ్మ అందుకునేది. "ఏంది గిది, మల్ల అంగంత రంగేనా? జర ఒక్కదినమన్న బతికి రాండ్రి!" నాన్న నవ్వేసి, నన్ను పిలిచి, పరుపు కింద పరిచి పడటం నేర్పేవాడు. ముందు మోకాలు, తర్వాత తుంటి, ఆ తర్వాత భుజం, తల అన్నిటికంటే చివర. చెయ్యి ఒడుపుగా కిందికి ఆన్చుకోవాలి, అది కెమెరాకు తెలియకూడదు. ఎనిమిదేళ్లకే నాకు చావడం బాగా వచ్చేసింది. బళ్లో వార్షికోత్సవం నాటకంలో నేను పడ్డ తీరు చూసి మా టీచరు నిజంగానే పరుగెత్తుకొచ్చింది.

పడటంతో పని అయిపోదు. నవ్వు షాట్ ఉంటుంది. చావు సీను ఓకే అయ్యాక కెమెరా ఆపకుండా, చచ్చినవాడు లేచి లెన్సు వైపు చూసి ఒకసారి నవ్వాలి. అది సినిమాలో ఉండదు, ఎడిటింగులో పోతుంది. అయినా తియ్యాల్సిందే. తియ్యకపోతే ఆ చావు మనిషిని అంటిపెట్టుకుంటుందని నమ్మకం. అందరూ ఒకేలా పాటించేవాళ్లు కాదు. రీలు దండగని సణిగే మేనేజర్లుండేవాళ్లు. నాన్న దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు. ఒకసారి యుద్ధం సీను తీసి, హడావిడిలో నవ్వు షాట్ మరిచిపోయి, కెమెరా వ్యానెక్కించేశారట. నాన్న లేవలేదు. ఎండలో, మట్టిలో, వీపులో బాణం పెట్టుకుని అలాగే బోర్లా పడుకున్నాడు. మేనేజరు బతిమాలాడు, తిట్టాడు. చివరికి కెమెరా దింపి తెచ్చి, మూడు కాళ్ల స్టాండు మళ్లీ నిలబెట్టాకే లేచి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, మేము ఎన్నిసార్లు కొత్తగా విన్నట్టు విన్నామో!

నా డిగ్రీ అయ్యేసరికి ఊరు వేరే ఊరైపోయింది. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. జూబ్లీహిల్స్‌లో రాళ్లు పేల్చి బంగళాలు కడుతుంటే మా ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. మెడలో కంపెనీ బిళ్ల వేసుకుని క్యాబ్ ఎక్కడమే మా ఈడువాళ్లందరి కల. నాకు ఇంజనీరింగు లేదు. కంప్యూటర్ మీద చెయ్యి మాత్రం చురుగ్గా ఆడేది. అందుకని సినిమా గ్రాఫిక్స్ చేసే చోట చేరాను. తెర మీద మనిషి అంచు వెంబడి గీత గీసి, వెనకున్న గోడ నుంచి అతన్ని విడదీయడం నా పని. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ గీత. పద్నాలుగు మందిని తీసి పదివేల సైన్యం చెయ్యడం మాకు మంచినీళ్ల ప్రాయం. వాళ్లలో నాన్న ఉంటే నాన్నే ఏడొందల మంది అయ్యేవాడు. "నన్ను మరీ వెనక వరసలో పెట్టకమ్మా" అనేవాడు టిఫిన్ తింటూ.

కొన్నాళ్లకు మా బాసు ఆ పనంతా పక్కనపెట్టి, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా అద్దెకు తీసుకుని విదేశాల పని మొదలుపెట్టాడు. పైనుంచి తీసిన వీడియోలు వస్తాయి. అందులో కనపడే ప్రతి మనిషి చుట్టూ మేము ఒక చతురస్రం గీస్తాం. దాన్ని ఆఫీసులో బాక్సు అనేవాళ్లం. మగా, ఆడా, పిల్లలా, నిలబడ్డారా, నడుస్తున్నారా, చేతిలో పొడుగు వస్తువు ఏదైనా ఉందా అని దాని మీద రాస్తాం. అవి చూసి చూసి యంత్రం మనుషులను తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మా గీతలు సినిమావాళ్ల గీతలు కాబట్టి వెంట్రుక కూడా తప్పేది కాదు. ఆ పని పంపే అవతలివాళ్లకు అందుకే మేమంటే ముచ్చట.

ఎందుకీ పని అని మొదటి రోజే అడిగాను. "ఫ్లడ్స్ కోసమండీ" అన్నాడు బాసు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, అయినా ఆడవాళ్లందరినీ అండీ అనే పిలిచేవాడు. "వరదల్లో చిక్కుకున్నవాళ్లని డ్రోన్ వెతుకుతుంది. హ్యుమానిటేరియన్ ప్రాజెక్ట్." మరి పొడుగు వస్తువు సంగతి ఎందుకన్నాను. "చేతికర్ర ఉంటే నడవలేనివాడని తెలుస్తుంది కదండీ, ముందు వాణ్ణి రక్షిస్తారు." ఎంత చక్కగా అతికిందో ఆ జవాబు! నేను ఇంటికి వెళ్లి గొప్పగా చెప్పాను. మనుషులను కాపాడే కంప్యూటర్‌కు మా అమ్మాయి కళ్లు ఇస్తోందని నాన్న వీధంతా చాటాడు. ఆ సంవత్సరం నేను నేల మీద నడిచానంటే నమ్మను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ బంగళా మీద ఇంకా ప్రేమే కలుగుతుంది. అదే నాకు సిగ్గు. పడగ్గదుల్లో వరసగా మానిటర్లు, వంటింట్లో సర్వర్ పెట్టె, పెరట్లో బొప్పాయి చెట్టు. పదకొండింటికి ఫ్లాస్కులో టీ, ఉస్మానియా బిస్కెట్లు. నెలకోసారి అందరం ఆటోల్లో టోలిచౌకి వెళ్లి హలీమో బిర్యానీయో తిని వచ్చేవాళ్లం. మేమంతా సినిమాల్లోంచి వచ్చినవాళ్లమే, కాబట్టి నోళ్లు ఊరుకునేవి కావు. పైనుంచి కనపడే మనుషులకు పాత్రలు కట్టేవాళ్లం. ఇతను కోపంగా అత్తగారింటి నుంచి వస్తున్నాడు, ఈమె మేకను బతిమాలుతోంది. వాళ్లది ఏ దేశమో మాకు తెలియదు. మట్టి ఇళ్లు, సన్న దారులు, నీడలు. వరద మాత్రం ఏ వీడియోలోనూ లేదు. అది నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

కొన్ని నెలలకు అవతలివాళ్లు ఒక కొరత చెప్పారు. నడిచేవాళ్ల బొమ్మలు కావలసినన్ని ఉన్నాయట, పడిపోయినవాళ్లవి చాలడం లేదట. బాసుకు మెరుపులా ఆలోచన తట్టింది. పడేవాళ్లు కావాలంటే ఫిల్మ్‌నగర్ కంటే మంచి చోటు ప్రపంచంలో ఎక్కడుంది? "మీ ఫాదర్‌ని అడగండి" అన్నాడు. నాన్న ఎగిరి గంతేశాడు. తనతో పాటు పడటంలో చెయ్యి తిరిగిన పదముగ్గురిని పోగేశాడు, అందులో నలుగురు ఆడవాళ్లు. షేక్‌పేట వెనక అప్పటికింకా మిగిలిన రాళ్లగుట్ట మీద షూటింగు పెట్టారు.

ఆ పొద్దుటంత ఆనందం నాకు తర్వాత మళ్లీ దొరకలేదు. ఏడింటికల్లా ఇడ్లీలు వచ్చాయి. డ్రోన్ నడిపేది పెళ్లిళ్లు తీసే టోలిచౌకి మనిషి. నాన్న చేతిలో పాత గొడుగు, ఒకామె తల మీద మూట, ఇంకొకాయన భుజం మీద నీళ్ల పైపు. నడవమంటే నడిచారు, కూర్చోమంటే కూర్చున్నారు, పరుగెత్తమంటే పరుగెత్తారు. ఇక పడటం. జన్మలో మొదటిసారి నాన్న ఆ గుంపుకు నాయకుడు. "ఒకేసారి పడకండర్రా, నిజం అలా ఉండదు. ఒకళ్లు పడ్డాక పక్కవాళ్లు చూడాలి, భయపడాలి, అప్పుడు పడాలి" అని చెప్పి, తనే మొదట పడ్డాడు. మోకాలు, తుంటి, భుజం, తల. గొడుగు దొర్లుకుంటూ పోయి రాయికి ఆగింది. పద్నాలుగు మంది రాళ్ల మీద అయిదు నిమిషాలు కదలకుండా పడుకున్నారు.

బాసు కట్ అన్నాడు. ఎవరూ లేవలేదు. నాన్న కళ్లు మూసుకునే అన్నాడు: "నవ్వు షాట్ సార్." బాసు కూడా ఈ గాలి పీల్చినవాడే. నాలుక కరుచుకుని, కెమెరా ఆపొద్దని డ్రోన్ మనిషికి సైగ చేశాడు. నాన్న లేచి కూర్చుని అటూ ఇటూ చూసి డ్రోన్ మనిషిని అడిగాడు: "బాబూ, నవ్వేటప్పుడు ఎటు చూడాలి?"

"మీదికి చూడున్రి పెద్దాయనా. గాడ ఎర్ర లైటున్నది, గదే."

పద్నాలుగు మందీ లేచి, నడుముల మీద చేతులు పెట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి, ఆకాశంలోకి చూసి నవ్వారు. ఒకామె చెయ్యి ఊపింది. నాన్నకు పైపన్ను ఒకటి లేదు. సినిమాల్లో అంతకాలం వీపు చూపించిన మనిషి, ఆ వేళ మొహమంతా చూపించాడు.

ఆ వీడియోకు బాక్సులు నేనే వేశాను, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. మా పనిలో ఒక నియమం ఉంది. బతికి కదులుతున్న మనిషి బాక్సు ఆకుపచ్చగా ఉంటుంది. పడిపోయి కొంతసేపు కదలకపోతే దాన్ని బూడిదరంగులోకి మార్చాలి. అప్పుడు యంత్రం ఆ మనిషిని వదిలేసి తర్వాతి మనిషిని చూస్తుంది. నేను పద్నాలుగు బాక్సులూ బూడిదరంగు చేశాను. వాళ్లు లేచాక ఒక్కొక్కటే మళ్లీ ఆకుపచ్చ చేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మొత్తం వీడియో, నవ్వులతో సహా, పంపించేశాం. లోకంలో ఇంకెవరూ ఆ పొరపాటు చేసి ఉండరు. చావుకు నవ్వు జత చెయ్యకుండా ఉండలేకపోవడం మా ఫిల్మ్‌నగర్ వాళ్లకే ఉన్న జబ్బు.

మూడు వారాల తర్వాత అవతలి నుంచి ఫోను. బాసు స్పీకర్లో పెట్టి నన్ను కూర్చోమన్నాడు. మాట్లాడినాయన చాలా మర్యాదస్థుడు, ముందు మా గీతలను మెచ్చుకున్నాడు. తర్వాత చెప్పాడు. మీరు పంపిన వీడియోలో పడినవాళ్లు లేస్తున్నారు, దానివల్ల యంత్రం తడబడుతోంది, పడినవాళ్లను వదిలి ముందుకు పోకుండా లేస్తారేమోనని చూస్తూ ఉండిపోతోంది, ఆ భాగం తీసేసి మళ్లీ పంపండి.

నాకు అర్థం కాలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. వరదల్లో పడిపోయినవాడు లేస్తాడేమోనని చూడటం మంచిదే కదా, దానికోసమే కదా ఇదంతా?

 అవతలాయన "వరదలా?" అన్నాడు. అంతే. వెక్కిరింపు లేదు, కోపం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

బాసు చటుక్కున మా వైపు మాట వినపడకుండా చేసి, టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు.  పొడుగు వస్తువు ఎందుకో, మగా ఆడా ఎందుకో, పడ్డాక తర్వాతి మనిషిని ఎందుకు చూడాలో నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. ఫోను పెట్టేశాక బాసు మీద విరుచుకుపడ్డాను. ఆయన తల ఎత్తలేదు. "నాకూ మొదట్లో తెలీదండీ. తర్వాత తెలిసింది. మనం బాక్సులు వేస్తామండీ, అంతే. గన్ మన చేతిలో లేదు. ఇంతకుముందు మాత్రం, మనుషులు పైనుంచి కళ్లు మూసుకుని బాంబులు వెయ్యలేదా? ఇది చూసి వేస్తుంది, అమాయకులు తక్కువ పోతారు." ఆయన ఆ మాట నమ్మే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. ఏమో, అందులో కొంత నిజం కూడా ఉందేమో. కానీ మా నాన్న చేతిలో ఉన్నది గొడుగు. దాని మీద 'పొడుగు వస్తువు' అని రాసింది నేను.

"మీరు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు. ఫైల్ మీకు తెలుసు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా" అన్నాడు.

ఇక్కడ నేను రాజీనామా మొహాన కొట్టి బయటికి నడిచానని రాయాలని చాలా ఉంది. సినిమా అయితే అలాగే తీసేవాళ్లు. నేను వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. మెడలో బిళ్ల ఉంది, నలుగురిలో పేరుంది, పని పోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుందోనన్న బెదురుంది. అంతకంటే అలవాటు ఉంది. చెప్పిన చోట కత్తిరించడం నాకు అలవాటు. సినిమాలోనూ ఈ నవ్వు ఎడిటింగులో పోయేదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక్కొక్కరి నవ్వూ, ఆకుపచ్చ బాక్సూ తీసేస్తూ వచ్చాను. మూట ఆమె పోయింది, పైపు ఆయన పోయాడు. నాన్న దగ్గరికి వచ్చేసరికి బొమ్మ పెద్దది చేసి చూశాను. ఎండలో కళ్లు చిట్లించి, ఊడిన పన్నుతో, నా వైపే చూస్తున్నాడు. తీసేశాను. పద్నాలుగు బాక్సులూ బూడిదరంగులోనే ఆగిపోయాయి. సాయంత్రం అయిదింటికి ఫైలు వెళ్లిపోయింది. అసలు కాపీ కూడా ఉంచవద్దన్నారు, ఉంచలేదు.

నాన్న అడిగాడు. "మన వీడియో బాగా వచ్చిందన్నారా?" బాగా వచ్చిందన్నారని చెప్పాను. "నవ్వు షాట్?" ఎడిటింగులో పోయింది నాన్నా, ఎప్పట్లాగే అన్నాను. "పోతే పోయిందిలే, కెమెరా చూసింది కదా" అన్నాడు తృప్తిగా.

ఆ తర్వాత కూడా ఏడు నెలలు అక్కడే పనిచేశాను. ఇది దాచను.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర టీవీలో ఎక్కడిదో యుద్ధం వార్త వచ్చింది. బూడిదరంగు బొమ్మ, పైనుంచి తీసింది. సన్న దారి, ముగ్గురు మనుషులు, తెల్లటి వెలుగు. పొగ పోయాక ముగ్గురూ పడి ఉన్నారు. నాన్న కలుపుతున్న ముద్ద ఆపేశాడు. ఆయనకు పడటం తెలుసు.

"చెయ్యి ఆన్చుకోలేదు చూడు" అన్నాడు. "తల ముందు తగిలింది." కొంచెం సేపు తెర వైపే చూశాడు. వాళ్లు లేస్తారని చూస్తున్నాడని నాకు తెలిసింది. ఆ వార్త అయిపోయి క్రికెట్ వచ్చింది. "మనం గుట్ట మీద తీసింది కూడా ఇలాగే పైనుంచి కదమ్మా?"

అమ్మ మజ్జిగ వడ్డిస్తోంది. నాకు అబద్ధం ఇక లోపల నిలవలేదు. అన్నీ చెప్పాను. ఫోను, వరదలా అని అడగడం, నేను తీసేయడం. చివర్లో నా సమర్థన కూడా చెప్పాను. సినిమాలోనూ తీసేస్తారు కదా నాన్నా, తేడా ఏముంది?

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "సినిమాలో నేను చచ్చానని నమ్మినవాళ్లకి బొమ్మ అయిపోగానే హాల్లో లైట్లు వేస్తారమ్మా. ఇంటికెళ్లిపోతారు. ఆ మెషిన్‌కి లైట్లు ఎవరేస్తారు?"

అమ్మ నన్ను వెనకేసుకొచ్చింది. "గదానికేం దెలుసు, ఆల్లు జెప్పిండ్రు, గది జేసింది. పోరిని గట్ల అనకుండ్రి."

"వాళ్లకి మన పద్ధతి తెలీదు, సరే" అన్నాడు నాన్న, నెమ్మదిగా. "నీకు తెలుసు కదమ్మా."

కొట్టి ఉంటే బాగుండేది. నేను అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ అంత ఏడ్చింది లేదు. సోమవారం పొద్దున్నే వెళ్లి బిళ్ల తిరిగి ఇచ్చేశాను. అది త్యాగమేమీ కాదు, ఏడు నెలలు ఆలస్యం. మళ్లీ ఫిల్మ్‌నగర్‌లోనే పాత గ్రాఫిక్స్ పనిలో చేరాను. నాన్న నన్ను ఆ మాట మళ్లీ ఎత్తి దెప్పలేదు. కానీ ఒక కొత్త అలవాటు చేసుకున్నాడు. షూటింగులో చచ్చి వచ్చిన రోజు, గుమ్మం బయటే చెప్పులతో నిలబడి, నన్ను పేరు పెట్టి పిలిచి, నా మొహంలోకి చూసి నవ్వేవాడు. "చూశాను నాన్నా" అని నేను అనేదాకా లోపల అడుగు పెట్టేవాడు కాదు. అమ్మ విసుక్కునేది. ఒకోసారి నేను ఫోన్లో ఉండి చూడకపోతే అక్కడే ఆగేవాడు, ఎండలో బాణంతో పడుకున్న రోజులాగా.

నాన్న మామూలుగానే, జబ్బుచేసి, మంచం మీద, మా చేతుల్లో పోయాడు. గుట్టను చదును చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. ఆ పద్నాలుగు మందిలో ముగ్గురు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు. ఆ ఫైలు ఎక్కడుందో నాకు తెలియదు. దాన్ని చూసి నేర్చుకున్న యంత్రం ఏ దేశపు ఆకాశంలో తిరుగుతోందో, పడినవాళ్ల మీద నుంచి ఎంత తొందరగా చూపు తిప్పుకుంటోందో తెలియదు. దాని లెక్కలో పద్నాలుగు మంది ఒక రాళ్లగుట్ట మీద పడిపోయారు, అంతటితో సరి. తప్పు రాసి పంపింది నేను కాబట్టి, దిద్దుబాటు కూడా నేనే రాస్తున్నాను. ఆ పొద్దున పడినవాళ్లంతా లేచారు. పైకి చూసి నవ్వారు. బట్టల దుమ్ము దులుపుకుని, మిగిలిన ఇడ్లీలు తిని, మా నాన్న గొడుగు వెతికి ఆయన చేతికిచ్చి, ఎవరి ఇళ్లకు వాళ్లు నడిచి వెళ్లారు.